డిమెన్షియా వచ్చిన నాన్నగారు ఎన్నాళ్ళుంటారు, ఎప్పటిదాకా ఇంట్లో ఉంచుకోగలం?

ముందుగా మీరు రాసింది క్లుప్తంగా. నాన్నగారికి 78 ఏళ్ళు. రెండేళ్ళ కిందట అల్జీమర్స్ రకం డిమెన్షియా అని తేల్చారు. షుగర్, బీపీ, ప్రొస్టేట్ ఉన్నాయి. గుంటూరులో 71 ఏళ్ళ అమ్మగారే ఒంటరిగా చూసుకుంటున్నారు. ఈమధ్య ఆయన రాత్రిళ్ళు లేచి వీధి తలుపు తీసేస్తున్నారు. మీరు డాలస్‌లో, అన్నయ్యగారు హైదరాబాదులో. మీ ప్రశ్నలు మూడు: ఇంకా ఎన్నాళ్ళుంటారు, హోములో చేర్చాల్సిందేనా, చేరిస్తే తొందరగా పోతారా?

సూటిగా చెప్తాను. ఎన్నాళ్ళన్నది చాలామటుకు మన చేతిలో లేదు. వయసు, మగా ఆడా, ఏ రకం డిమెన్షియా, పక్కన ఏ జబ్బులున్నాయి, ఇవే దాన్ని తేలుస్తాయి. ఇల్లు ఎప్పుడు విడవాలన్నది మాత్రం చూసుకునే మనిషి నిద్ర, ఓపిక, చేతి సాయం మీద ఆధారపడుతుంది. అది చాలావరకు మన చేతిలోదే. మీ ఇంట్లో ఇప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది అమ్మగారి నిద్ర. ఇక హోములో చేర్చినంత మాత్రాన ఆయుష్షు తగ్గుతుందని చెప్పలేం. ఏ పరిస్థితిలో, ఎలాంటి చోట చేర్చారన్నదాన్ని బట్టి మొదటి రెండు మూడు నెలలు మంచిగానో చెడ్డగానో గడుస్తాయి.

ఇప్పుడు అంకెలు. 2025 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నెదర్లాండ్స్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రం వాళ్ళ విశ్లేషణ వచ్చింది. 1984 నుంచి 2024 దాకా వచ్చిన 261 అధ్యయనాలను, 50 లక్షల పైచిలుకు రోగుల వివరాలను కలిపి చూశారు. జబ్బు ఖాయమైన రోజు నుంచి లెక్కేస్తే, 65 ఏళ్ళప్పుడు తేలిన మగవాళ్ళు సగటున 5.7 ఏళ్ళు, 85 ఏళ్ళప్పుడు తేలినవాళ్ళు 2.2 ఏళ్ళు బతికారు. ఆడవాళ్ళకు ఇవే 8 ఏళ్ళు, 4.5 ఏళ్ళు. మిగతా రకాలతో పోలిస్తే అల్జీమర్స్ ఉన్నవాళ్ళు 1.4 ఏళ్ళు ఎక్కువున్నారు. అమెరికా, ఐరోపాలతో పోలిస్తే ఆసియా అధ్యయనాల్లోనూ దాదాపు అంతే ఎక్కువ కనిపించింది.

మీ నాన్నగారికి 76 ఏళ్ళప్పుడు తేలింది కాబట్టి ఆయన సగటు ఆ రెండు అంకెల మధ్య, నాలుగేళ్ళ దగ్గర పడుతుంది. అల్జీమర్సే అయితే ఇంకాస్త ఎక్కువ అనుకోవచ్చు. కానీ "నాలుగులో రెండు అయిపోయాయి, ఇక రెండే" అని తీసివేత చెయ్యకండి. సగటు అంటే తొలి ఏడాదే పోయినవాళ్ళనూ, పదేళ్ళు బతికినవాళ్ళనూ కలిపిన లెక్క. రెండేళ్ళు దాటి, ఇంకా నడుస్తూ, తన చేత్తో అన్నం తింటున్న మనిషి ఆ లెక్కలో ముందువరసలో ఉన్నట్టు. పైగా మన దగ్గర జబ్బు పేరు పెట్టేసరికే ఆలస్యం అవుతుంది. "వయసైపోయింది, చాదస్తం" అని రెండు మూడేళ్ళు గడిపేశాక న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తారు. అందుకే తేలిన తారీకు కన్నా ఇవాళ ఆయన ఏం చేసుకోగలుగుతున్నారన్నదే నమ్మదగిన కొలత.

చదువు, భాషల గురించి కూడా చాలామంది అడుగుతారు. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో వేసిన అధ్యయనంలో, రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు లక్షణాలు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. ఆ లాభం మొదలయ్యే వయసుకు సంబంధించింది. మొదలయ్యాక జబ్బు నెమ్మదిస్తుందని దాని అర్థం కాదు. మెదడు చాలాకాలం సర్దుకుపోయిన మనిషిలో పైకి తేలేసరికి లోపల జబ్బు ముదిరే ఉండొచ్చు. బాగా చదువుకున్నవాళ్ళు ఒక్కసారిగా దిగజారినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

రకం కూడా ముఖ్యం. లూయీ బాడీ డిమెన్షియాలో అల్జీమర్స్ కన్నా కాలం తక్కువ. లేనివాళ్ళు కళ్ళముందు కనిపించడం, నడక బిగుసుకుపోవడం, ఒకరోజు బాగా ఉండి మర్నాడు అయోమయంగా ఉండటం, నిద్రలో చేతులు కాళ్ళు విసరడం దాని గుర్తులు. ఇవి ఉంటే న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి. ఆ రకం రోగికి హాలోపెరిడాల్ లాంటి మందు పడితే ప్రాణం మీదికి రావచ్చు. పక్షవాతాల వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియాలో మనిషిని తీసుకెళ్ళేది తరచు గుండె, లేదా ఇంకో స్ట్రోకు. అక్కడ బీపీ మాత్ర మానకుండా వెయ్యడమే పెద్ద వైద్యం.

మనిషి డిమెన్షియాతో పోతాడంటే ఎలా పోతాడు? దీన్ని ఎవరూ విడమరిచి చెప్పరు, చెప్పాలి. జబ్బు చివరికొచ్చేసరికి నమలడం, మింగడం మెదడుకు గుర్తుండవు. పొలమారిన అన్నం, నీళ్ళు, ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి జారి న్యూమోనియా వస్తుంది. తిండి తగ్గి ఒళ్ళు కరుగుతుంది. కదలక పడకపుండ్లు పడతాయి. మూత్రంలో ఇన్ఫెక్షను రక్తంలోకి ఎక్కుతుంది. 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో బోస్టన్ పరిసరాల్లోని 22 నర్సింగ్ హోముల్లో (అక్కడ అంటే మనిషిని చివరిదాకా ఉంచుకుని చూసే చోట్లు), బాగా ముదిరిన దశలో ఉన్న 323 మందిని 18 నెలలు గమనించారు. 55 శాతం మంది చనిపోయారు. 86 శాతం మందికి తిండి దగ్గర ఇబ్బంది, 41 శాతం మందికి న్యూమోనియా వచ్చింది. న్యూమోనియా వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది ఆరు నెలల్లో పోయారు. ఇది చివరి దశ ఎంత బరువైనదో మీకు తెలియడానికి చెప్తున్నాను. మీ నాన్నగారు ఇంకా ఆ దశకు రాలేదు.

ఆయన ఎక్కడున్నారో తెలియాలంటే పనులు పోయే వరుస చూడండి. అల్జీమర్స్‌లో ఇది చాలామందిలో ఒకే క్రమంలో నడుస్తుంది: తగిన బట్టలు ఎంచుకోలేకపోవడం, వేసుకోలేకపోవడం, స్నానానికి సాయం కావాల్సి రావడం, దొడ్డికి వెళ్ళి శుభ్రం చేసుకోలేకపోవడం, మూత్రం పట్టు తప్పడం, తర్వాత మలం, తర్వాత మాట అయిదారు ముక్కలకు కుదించుకుపోవడం, చివరికి నడక. నడక పోయి, దానికి తోడు న్యూమోనియా గానీ, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం గానీ, లోతైన పడకపుండు గానీ ఉంటే అమెరికాలో హాస్పిస్ సేవకు (చివరి రోజుల్లో బాధ తగ్గించి చూసుకునే సేవ) అర్హత వచ్చినట్టే, అంటే ఆరు నెలల లోపు అంచనా. ఈ వరుస తప్పి, నిన్నటిదాకా నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోతే అది డిమెన్షియా ముదరడమే అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షను, సోడియం పడిపోవడం, షుగరు పడిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగియడం, కొత్తగా వేసిన మందు, తలకు దెబ్బ: తరచు వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో వచ్చిన మార్పుకు ఆ రోజే డాక్టరు చూడాలి. వీటిలో చాలావరకు తగ్గేవే.

కాలాన్ని మనం కాస్తయినా మార్చగల చోట్లు నాకు తెలిసి నాలుగు.

ఒకటి, పడిపోవడం. అమెరికాలో ఒక అధ్యయనంలో తుంటి ఎముక విరిగిన ముదిరిన డిమెన్షియా రోగుల్లో సగానికి పైగా (55 శాతం) ఆరు నెలల్లో చనిపోయారు. తెలివి బాగున్న అదే వయసువాళ్ళలో 12 శాతం. కాబట్టి బాత్రూముకు వెళ్ళే దారే నాన్నగారికి అన్నిటికన్నా ప్రమాదమైన చోటు. మంచం నుంచి బాత్రూము దాకా నేలకు దగ్గరగా రాత్రంతా వెలిగే దీపం, కమోడు పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, గడప దగ్గర వేరే రంగు టేపు, జారని మ్యాటు. ఇంట్లో వేలాడే పంచె బదులు పొట్టి లుంగీ గానీ ఎలాస్టిక్ పైజమా గానీ. హవాయి చెప్పులు వద్దు, మడమకు పట్టీ ఉన్నవి కొనండి. ఆ తర్వాత మందులు. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్, దానికి తోడు బీపీ మాత్ర ఉన్న మనిషి పడుకుని లేచి నిలబడగానే బీపీ దిగిపోవచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఇంకోసారి ఇంట్లోనే బీపీ చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ దిగితే డాక్టరుకు ఆ రెండు అంకెలూ చూపించండి.

రెండు, షుగరు పడిపోవడం. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ మాత్రలు వేసుకుని అన్నం సగంలో వదిలేస్తే తెల్లవారుజామున షుగరు 60కి దిగొచ్చు. చెమటలు, అయోమయం, కేకలు. ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బు ముదిరిందనుకుంటారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకు మూడు నెలల షుగరు (HbA1c) 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకం. ముదిరినవాళ్ళలో ఆ అంకె వెంట అసలు పడొద్దనే అంటుంది. నాన్నగారి రిపోర్టులో 6.5 ఉంటే సంతోషించకండి, మందు తగ్గించాలేమో అడగండి.

మూడు, మింగడం. మన వంటల్లో ఎక్కువగా పొలమారేది చారన్నం. పల్చటి నీరు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకు వెనక ఉండిపోతుంది. మింగడం తడబడే మనిషికి ఈ రెండూ కలిసి రావడమే ప్రమాదం. భోజనంలో దగ్గు, తిన్నాక గొంతు గురగురమనడం మొదలైతే చారన్నం, మజ్జిగన్నం, పచ్చి మంచినీళ్ళ గ్లాసు పక్కనబెట్టి, మెత్తగా నలిపిన పప్పన్నం, గట్టి పెరుగన్నం, చిక్కటి రాగిజావ పెట్టండి. కూర్చోబెట్టి, వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి. టీస్పూనుతో ఒక్కో ముద్ద. మింగాడని గొంతు కదలిక చూశాకే రెండోది. ముద్ద నోట్లో ఉండగా నీళ్ళు పొయ్యకూడదు. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. చివర బుగ్గ లోపల వేలు తిప్పి చూడండి, చాలాసార్లు ఒక ముద్ద అక్కడే దాగి ఉంటుంది. పళ్ళు, నాలుక రోజుకు రెండుసార్లు శుభ్రం చెయ్యాలి. నెలకోసారి ఒకే తూకం మీద బరువు చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 54కి వస్తే అది పెద్ద హెచ్చరిక.

ఇక్కడే రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే తిండి గొట్టం), పెగ్ ట్యూబు (పొట్ట మీద రంధ్రం చేసి వేసేది) మాట వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో ట్యూబు వేస్తే ఆయుష్షు పెరుగుతుందని గానీ, న్యూమోనియా తగ్గుతుందని గానీ ఆధారం లేదు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని వద్దంటుంది, చేత్తో ఓపిగ్గా తినిపించమంటుంది. ట్యూబు పీకేస్తారని చేతులు కట్టెయ్యడం, కట్టడం వల్ల పుండ్లు, ఇదో గొలుసు. స్ట్రోకు వచ్చి కొద్దివారాలు మింగలేని మనిషి సంగతి వేరు, అక్కడ ట్యూబు పనికొస్తుంది. "ఆకలితో చంపుతున్నామా" అని అమ్మగారు బాధపడతారు. ఒళ్ళు ఆగిపోతోంది కాబట్టి ఆకలి ఆగిపోయిందే గానీ, తిండి ఆపడం వల్ల ఒళ్ళు ఆగిపోవట్లేదు. ఈ మాట ఆవిడకు ముందే, నెమ్మదిగా, మీరే చెప్పండి.

నాలుగు, మందుల సంచి. రాత్రి అలజడికి క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటివి రాస్తారు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ మందుల వల్ల మరణాలు పెరుగుతాయని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. 17 పరీక్షలు కలిపి చూస్తే, సుమారు 10 వారాల కాలంలో మందు వేసుకున్నవాళ్ళలో 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 2.6 శాతం చనిపోయారు. వీటిని అస్సలు వాడకూడదని కాదు. కొట్టడం, తనకో ఇతరులకో హాని చెయ్యడం, భయంతో వణికిపోవడం ఉంటే తక్కువ మోతాదులో వాడాల్సిందే. కానీ నాలుగు వారాల్లో గుణం లేకపోతే తగ్గించి ఆపాలి, గుణం ఉన్నా నాలుగు నెలల లోపు తగ్గించి చూడాలి. ఏళ్ళ తరబడి అదే చీటీ మీద కొనుక్కుంటూ పోవడమే తప్పు. డాక్టరు లేకుండా మీరే హఠాత్తుగా ఆపకండి. దగ్గు, జలుబుకు కొనే క్లోర్‌ఫెనిరమైన్ సిరప్పులు, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, నిద్రకు ఆల్ప్రజోలం కూడా ఈ మనుషుల్లో అయోమయం, పడిపోవడం పెంచుతాయి. చీటీలో ఇవి ఉన్నాయేమో చూడండి.

అల్జీమర్స్‌కు ఇచ్చే మందు డోనెపెజిల్ సంగతి దీనికి వేరు. "గుణం కనిపించట్లేదు కదా" అని మధ్యస్థ, ముదిరిన దశల్లో ఆపేస్తుంటారు. బ్రిటన్‌లో 295 మందితో చేసిన పరీక్షలో, ఆపేసినవాళ్ళు మొదటి ఏడాదిలో నర్సింగ్ హోముకు వెళ్ళే అవకాశం దాదాపు రెట్టింపయింది. తర్వాతి మూడేళ్ళలో తేడా లేదు. కాబట్టి కారణం లేకుండా ఆపొద్దు. నాడి 50 కన్నా తగ్గడం, కళ్ళు తిరిగి పడటం, ఆగని విరేచనాలు, బరువు తగ్గడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే డాక్టరుతో మాట్లాడాలి.

ఇక రెండో ప్రశ్న, హోము. ముందు ఒక మాట. మన ఊళ్ళల్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆస్పత్రి. ఆ అధ్యయనాల్లో నర్సింగ్ హోమ్ అంటే మనిషిని చివరిదాకా ఉంచుకుని చూసే చోటు. ఎరాస్మస్ వాళ్ళ లెక్కలో జబ్బు తేలాక సగటున 3.3 ఏళ్ళకు నర్సింగ్ హోముకు వెళ్ళారు. మొదటి ఏడాదిలో 13 శాతం, అయిదేళ్ళయ్యేసరికి 57 శాతం. ఇవి ఎక్కువగా ధనిక దేశాల అంకెలు, అక్కడ ప్రభుత్వమో బీమానో ఖర్చు భరించే ఏర్పాటున్న చోట్లవి. మన దగ్గర చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ళనే తీసుకుంటాయి. డిమెన్షియాకే ప్రత్యేకించిన చోట్లు తక్కువ, అవీ పెద్ద నగరాల్లోనే. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన అంచనా. వీళ్ళలో అత్యధికుల్ని చూస్తున్నది ఇల్లే, అందులోనూ భార్యలు, కోడళ్ళు, కూతుళ్ళు.

అంకెలు వేరైనా కారణాలు ఇక్కడా అక్కడా ఒకటే. 2002లో అమెరికాలో 5,788 మందిని చూసిన అధ్యయనంలో హోముకు త్వరగా వెళ్ళినవాళ్ళు ఎవరంటే: ఒంటరిగా ఉన్నవాళ్ళు, రోజువారీ పనుల్లో ఎక్కువ సాయం కావాల్సినవాళ్ళు, జ్ఞాపకశక్తి పరీక్షలో బాగా దిగినవాళ్ళు, సంభాళించడం కష్టమైన ప్రవర్తన ఉన్నవాళ్ళు. చూసుకునే మనిషి పెద్ద వయసువారైనా, తమ మీది బరువు ఎక్కువని చెప్పినా ముప్పు పెరిగింది. మీ ఇంట్లో చూసుకునే మనిషికి 71. తలుపు తియ్యడం మొదలైంది. అంటే ఆ జాబితాలో రెండు ఇప్పటికే ఉన్నాయి.

బరువు దించితే ఫలితం ఉంటుందనడానికి గట్టి రుజువు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిటెల్‌మన్ బృందం చేసిన పని. 406 మంది భార్యలు, భర్తలతో జరిగిన ఆ పరీక్షలో సగం మందికి ఆరు కౌన్సెలింగ్ సమావేశాలు పెట్టారు. అందులో నాలుగు కుటుంబం అంతటినీ కూర్చోబెట్టినవి. ఆ తర్వాత సహాయక బృందం, ఎప్పుడైనా ఫోన్ చేసే వీలు. 2006లో ప్రచురించిన ఫలితం: ఆ సాయం అందిన ఇళ్ళల్లో రోగి హోముకు వెళ్ళడం 557 రోజులు వెనక్కి జరిగింది. మందు లేదు, మాత్ర లేదు. ఏడాదిన్నర.

అందువల్ల మీరు, అన్నయ్యగారు, అమ్మగారు వీడియో కాల్‌లో కూర్చుని పని పంచుకోండి. "అమ్మా, ఎలా ఉన్నావు" అంటే "బాగానే ఉన్నాను" అనే చెప్తారు. అలా అడగొద్దు. "నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచావు? మొన్న? ఈ వారంలో ఎన్నిసార్లు ఏడ్చావు? నీ బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడగండి. చూసుకునేవాళ్ళ మీది బరువు కొలవడానికి జారిట్ అనే 22 ప్రశ్నల పట్టిక ఉంది, 88కి మార్కులు. మూడు నెలలకోసారి ఆవిడతో నింపించి అంకె పెరుగుతోందేమో చూడొచ్చు.

సాయానికి మనిషిని పెట్టడానికి ఒక్క షిఫ్టుకే డబ్బు సరిపోతే, రాత్రికి పెట్టండి. అందరూ పగలు పెడతారు, స్నానం చేయించాలని. పగటి పని కష్టమైనా ఎలాగో అవుతుంది. కుటుంబాన్ని కూల్చేది వరసగా నిద్రలేని రాత్రులు. కనీసం వారానికి మూడు రాత్రులు అమ్మగారు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. మగ అటెండెంటు అయితే ఎత్తడం, బాత్రూముకు తీసుకెళ్ళడం తేలిక. మొదటి వారం అమ్మగారు పక్కనే ఉండి, ఆయన ఏ పేరుతో పిలిస్తే పలుకుతారో, ఏ మాటకు కోపం వస్తుందో, ఏ పాట పెడితే కూర్చుంటారో నేర్పాలి. ఏజెన్సీ మనిషి నెలకో కొత్త ముఖం కాకుండా ఒకరే వచ్చేలా ముందే మాట తీసుకోండి.

తలుపు విషయం. తాళం వేసి ఆయనొక్కర్నే లోపల వదలడం ఎప్పుడూ చెయ్యొద్దు, అగ్నిప్రమాదమైతే దారి ఉండదు. గడియ కంటి ఎత్తులో కాకుండా తలుపు పై అంచున గానీ అడుగున గానీ బిగించండి, వీళ్ళు ఎదురుగా ఉన్నచోటే వెతుకుతారు. తలుపు తెరవగానే మోగే సెన్సారు బెల్లు తక్కువ ధరకే దొరుకుతుంది. చొక్కా జేబులో కార్డు పెడితే పారేస్తారు, ఫోన్ నంబరు చెక్కిన కడియం మేలు. ఈ నెల తీసిన ఫోటో అందరి ఫోన్లలో ఉండాలి. పక్కింటివాళ్ళకు, వీధి చివర కిరాణా కొట్టు అతనికి, ఆటో స్టాండులో ఇద్దరికి జబ్బు సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. తప్పిపోయినవాళ్ళను ముందు గుర్తుపట్టేది వాళ్ళే.

ఆయన ఎందుకు లేస్తున్నారో కూడా పట్టుకోవాలి. ప్రొస్టేట్ ఉంది కాబట్టి మూత్రం నిండి లేస్తుండొచ్చు. అల్ట్రాసౌండులో మూత్రం పోసాక ఎంత మిగులుతోందో ఒకసారి చూపించండి. నీరు పోయే మాత్ర ఉంటే అది ఉదయమే పడాలి. కాఫీ, టీ మధ్యాహ్నం 3 తర్వాత వద్దు. మంచినీళ్ళు పగలు ఎక్కువ, రాత్రి 7 తర్వాత తక్కువ. మధ్యాహ్నం కునుకు అరగంట మించనివ్వకండి. పొద్దున్నే గంటసేపు ఎండలో కూర్చోబెట్టండి, సాయంత్రం చీకటి పడకముందే దీపాలన్నీ వెయ్యండి. "ఇంటికెళ్ళాలి" అని లేస్తే "ఇదే ఇల్లు నాన్నా" అని వాదించొద్దు. "కాస్త తిని వెళ్దురుగాని" అని కూర్చోబెట్టి అరటిపండు చేతికివ్వండి.

మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా వంతుల మాట ఎత్తుతారు: మూడు నెలలు గుంటూరు, మూడు నెలలు హైదరాబాదు, ఆరు నెలలు డాలస్. న్యాయంగా పంచుకుందామనే మంచి ఉద్దేశమే. కానీ డిమెన్షియా మనిషికి పాత ఇల్లే సగం జ్ఞాపకం. బాత్రూము ఎటుందో బుర్రకు తెలియకపోయినా కాళ్ళకు తెలుసు. ఊరు మారిన ప్రతిసారీ అయోమయం, పడిపోవడం, బట్టల్లో పోసుకోవడం పెరుగుతాయి. మనిషిని తిప్పకండి, చూసుకునేవాళ్ళే వంతులుగా ఆయన దగ్గరికి రండి. అమెరికా తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఒకటి: ముందునుంచి ఉన్న జబ్బులకు సందర్శకుల బీమా సాధారణంగా వర్తించదు. గ్రీన్ కార్డుతో వచ్చిన తల్లిదండ్రులు మెడికేర్ కొనుక్కోవాలన్నా అయిదేళ్ళు అక్కడ ఉండాలి. మెడికేర్ కూడా దీర్ఘకాలం ఉంచి చూసే ఖర్చు ఇవ్వదు.

మరి ఎప్పుడు చేర్చాలి? అమ్మగారి ఆరోగ్యం చెడితే. ఇద్దరు మనుషులు లేకుండా ఆయన్ని కదపలేకపోతే, ఆ ఇద్దరు మీకు దొరక్కపోతే. మందులు సరిచేశాక కూడా ఆయన చెయ్యెత్తి కొడుతుంటే. వీటిలో ఒక్కటి వచ్చినా ఆలోచించడం తప్పు కాదు, పాపమూ కాదు. హోముకు వెళ్ళిన తొలి నెలల్లో మరణాలు ఎక్కువే కనిపిస్తాయి. కానీ అక్కడికి వెళ్ళేది ఎక్కువ జబ్బు ఉన్నవాళ్ళే కాబట్టి ఆ మరణాలన్నీ హోము ఖాతాలో వెయ్యలేం. ఆస్పత్రి నుంచి నేరుగా కొత్త చోటికి మార్చడం, ఏ వివరమూ చెప్పకుండా వదిలెయ్యడం మాత్రం నిజంగా నష్టం చేస్తాయి.

అవసరం రాకముందే అన్నయ్యగారిని రెండు మూడు చోట్లు చూసి రమ్మనండి. రాత్రి 8 తర్వాత చెప్పకుండా వెళ్ళాలి. పగలు అన్నీ బాగానే ఉంటాయి. రాత్రి ఎంతమందికి ఎందరు మనుషులున్నారు? అన్నం తినిపించడానికి ఒక్కొక్కరికి ఎంతసేపు ఇస్తారు? నెలనెలా బరువు రాస్తారా? ఆ పుస్తకం చూపించమనండి. మంచానికి కట్టేస్తారా? ఎంతమందికి నిద్రమత్తు మందులు పడుతున్నాయి? ఆరోగ్యం విషమిస్తే ఎవరికి ఫోన్, ఏ ఆస్పత్రికి? మంచాన పడ్డాక కూడా ఉంచుకుంటారా, పంపేస్తారా? ఈ ఆఖరిది కాగితం మీద రాయించుకోండి. చేర్చే రోజు ఉదయం పూట, ఆయన దుప్పటి, ఆయన గ్లాసు, ఆయనకు తెలిసిన దేవుడి పటంతో వెళ్ళాలి. ఒక పేజీ రాసివ్వండి: పేరు, చేసిన ఉద్యోగం, ఏ చేత్తో తింటారు, బాత్రూముకు ఎలా సైగ చేస్తారు, దేనికి భయపడతారు. ఆ రోజు బరువు తూయించి నెల తర్వాత మళ్ళీ తూయించండి. చూడ్డానికి వెళ్తే భోజనం వేళకే వెళ్ళండి.

కాగితాల సంగతి కొంచెం. నాన్నగారికి అవగాహన పోయాక ఆయన గతంలో ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు, కాబట్టి బ్యాంకు ఖాతాలో అమ్మగారి పేరు, నామినేషన్లు ఇప్పుడే చూసుకోండి. చివరి రోజుల్లో వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసుకునే పత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. అది రాసే మనిషికి తెలివి నిలకడగా ఉండాలి. నాన్నగారికి ఆ సమయం దాటిందేమో ఆయన డాక్టరు చెప్పాలి. అమ్మగారు మాత్రం తనది ఇవాళే రాసుకోవచ్చు. వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567, మానసిక ఒత్తిడికి టెలీ మానస్ 14416, రెండూ తెలుగులో మాట్లాడతాయి. అమ్మగారి ఫోన్‌లో వేసిపెట్టండి.

నాన్నగారి మందుల చీటీ మొత్తం, ఒక్కో మాత్ర ఏ వేళకు వేస్తున్నారో, ఆఖరి మూడు నెలల షుగరు అంకె, ఇప్పటి బరువు, ఏడాది కిందటి బరువు ఇక్కడ రాయండి. ప్రొస్టేట్ మాత్ర రాత్రి ఎన్నింటికి పడుతోందో, ఆ తర్వాత ఎంతసేపటికి లేస్తున్నారో కూడా రాస్తే, ముందు దేని గురించి డాక్టరును అడగాలో చెప్తాను.